ఎడారి గులాబీకి రెండుపూటలా నీళ్ళు

వెనక వరండా. తాళ్ళతో కట్టేసిన రెండు పెట్టెలు, దుప్పటి కప్పిన కుట్టుమిషను, గోడవారన రెండు పూలకుండీలు, ఒకదాంట్లో ఆంథూరియం, ఇంకోదాంట్లో ఎడారి గులాబీ. భార్యా, భర్తా.

"ఆంథూరియం నువ్వు తీసుకెళ్ళు."

"ఏది కావాలో నన్ను అడగరా?"

"అడుగుతున్నా కదా."

"'తీసుకెళ్ళు' అన్నారు. అది అడగడం కాదు, చెప్పడం."

"సరే. ఏది కావాలి?"

"ఏదో ఒకటి."

"అందుకే నేనే చెప్పాను."

"వ్యానులో ఒక్క కుండీకే చోటు. మిషనూ పెట్టెలూ ఎక్కించాక నా కాళ్ళ దగ్గర ఒక్కటే పడుతుంది. అన్నయ్య ముందే చెప్పాడు."

"మీ అన్నయ్య ఎన్నింటికొస్తానన్నాడు?"

"బయల్దేరాడట. దారిలో ఉన్నాడు."

"ఊఁ."

"రెండూ మీరే ఉంచుకున్నా నాకేం కాదు. అత్తయ్య మొక్కలు. మీ అమ్మగారివి."

"అమ్మకి నేనెంతో నువ్వూ అంతే."

"ఆవిడ పోయాక అంటున్నారు ఆ మాట."

"ఉన్నప్పుడు అనలేదా?"

"నాతోనా? ఈ పన్నెండేళ్ళలో నాతో మీరేమన్నారు?"

"హాస్టల్లో నీ గదికి ఎండ వస్తుందా?"

"మాట మార్చకండి."

"మార్చట్లేదు. మొక్క సంగతే కదా మాట్లాడుతున్నాం."

"రాదు. వార్డెన్‌గా నాకిచ్చిన గది మెట్ల కింద. కిటికీ తీస్తే ఎదురుగా నీళ్ళ ట్యాంకు. వెలుతురు వస్తుంది గానీ ఎండపొడ ఉండదు."

"అయితే ఆంథూరియమే. నీడపట్టున ఉండే మొక్క. ఎండ సూటిగా తగిలితే ఆకు మాడిపోతుంది. అదుగో, అటు వైపు ఆకు చూడు. ఆ గోధుమరంగు మచ్చ. ఓ పూట ఎండలోకి జరిపానంతే."

"మీరు జరిపారా? ఎందుకు?"

"నేల తుడవడానికి."

"నేల మీరు తుడిచారా?"

"ఓ పూట."

"ఎవరు తుడిచారా అనుకున్నా. మూలలన్నీ వదిలేసి మధ్యలో తుడిచారు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"ఎవరితో చెప్పను? చెప్పేందుకు అత్తయ్య లేదుగా. ఎడారి గులాబీ మీకు సరిపోతుంది లెండి."

"నేనూ అదే అనుకున్నా. దానికి ఎండ చాలు. కుండీలో సగం ఇసకే, నీళ్ళు ఎక్కువ అక్కర్లేదు. రాత్రి డ్యూటీ అయితే పొద్దున్నే వచ్చి పడుకుంటా, పగటి డ్యూటీ అయితే చీకటి పడ్డాక వస్తా. ఎవరూ పట్టించుకోకపోయినా బతికే మొక్క. నాకు చేతనైంది అదొక్కటే కదా, పట్టించుకోకపోవడం."

"నేనా మాట అనలేదు."

"నువ్వు అనకపోయినా నీ మనసులో..."

"నేను అననివి నేను అన్నట్టు అనుకోకండి. ఇవాళ కూడానా?"

"సరే. ఆంథూరియానికి ఏం చెయ్యాలో తెలుసుగా?"

"తెలియకపోవడమేంటి! మన్ను తక్కువ, కొబ్బరిపీచు ఎక్కువ, నాలుగు బొగ్గుముక్కలు. వేలు పెట్టి చూడాలి. పైన ఆరితే పొయ్యాలి, తడిగా ఉంటే ఊరుకోవాలి. కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకూడదు. ఎండలు ముదిరితే ఆకుల మీద నీళ్ళు చిలకరించాలి. పువ్వు వాడితే కాడ మొదలుకంటా కత్తిరించాలి, అప్పుడే ఇంకోటి వేస్తుంది. దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవాలి."

"ఆ గుడ్డ నీదా?"

"ఏ గుడ్డ?"

"నీలంది. కుళాయి మీద ఆరేసి ఉంటుంది. అమ్మ పోయాక కూడా ఎప్పుడు చూసినా తడిగానే ఉంటోంది."

"నాదే. జాకెట్టు కుట్టగా మిగిలిన ముక్క."

"ఆకులు వాటంతటవే మెరుస్తాయనుకున్నా. అసలే ప్లాస్టిక్ పువ్వులా ఉంటుంది కదా అది."

"మీకన్నీ వాటంతటవే జరిగిపోతున్నట్టు ఉంటాయి. అలమారలో బట్టలు వాటంతటవే మడతపడతాయి."

"బట్టలు అమ్మ మడతపెడుతోందనుకునేవాణ్ణి."

"అత్తయ్యకి చేతులు వణికేవి. చివరి మూడేళ్ళూ గుండీ కూడా పెట్టుకోలేకపోయింది."

"నాకు తెలీదు."

"తెలుసులెండి, మీకు తెలీదని. ఏదీ, ఎడారి గులాబీని ఇటు తిప్పండి. ఓసారి చూసి అప్పగిస్తా. తర్వాత మాట రాకూడదు."

"ఎవరొస్తారు మాటనడానికి? మనిద్దరమే కదా."

"తిప్పండి. ఆకులన్నీ రాలిపోయాయి చూశారా? ఒక్కటీ లేదు."

"అమ్మ చనిపోయిన వారం నుంచే మొదలుపెట్టింది రాల్చడం. పొద్దున లేచి చూస్తే కుండీ చుట్టూ పసుపుపచ్చటి ఆకులు. రోజూ అంతే. ఆవిడ వెనకే ఇదీ పోతోందనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా."

"అనుకుని ఏం చేశావు?"

"ఏం చేస్తాను! ఈ అడుగు భాగం చూడండి. లావుగా, దుంపలా ఉండేది. అత్తయ్య గర్భిణీ మొక్క అనేది దీన్ని. నొక్కితే రాయిలా ఉండాలి. ఇప్పుడు నొక్కండి."

"మెత్తగా ఉంది."

"లోపలికి పోతోందా వేలు?"

"పోతోంది. నీళ్ళు తక్కువయ్యాయంటావా?"

"తక్కువా? కుళ్ళిందండీ. వాసన చూడండి. నిన్న నర్సరీకి వెళ్ళి అడిగాను. చలికి ఆకులన్నీ రాల్చేసి నిద్రపోతుందట ఇది. మళ్ళీ ఎండలు వచ్చేదాకా అంతే. చచ్చిపోయిందనుకుని జనం నీళ్ళు పోస్తారట. నిద్రకి చావదు గానీ ఆ నీళ్ళకి చస్తుంది, అంది నర్సరీ ఆవిడ."

"పొయ్యకూడదా అసలు?"

"చలికాలం చుక్క కూడా పొయ్యక్కర్లేదట. ఎందుకలా చూస్తున్నారు?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉన్నట్టు. మీరు పోశారా?"

"పొద్దున పూట. డ్యూటీకి పోయే ముందు. ఓ చెంబుడు."

"రోజూనా?"

"రోజూ. రాత్రి డ్యూటీ అయితే వచ్చాక."

"అయ్యో రామా! నేను సాయంత్రం పూట పోస్తున్నా."

"నువ్వా?"

"రోజూ. ఓ చెంబుడు. మీరు రాకముందే పోసేదాన్ని."

"నేను నువ్వు లేవకముందే పోసేవాణ్ణి."

"ఎరువు కూడా వేశారా?"

"గుప్పెడు."

"నేనూ వేశాను."

"భలేవాళ్ళమే. మొద్దు నిద్రపోతున్న పిల్లని లేపి లేపి అన్నం పెట్టినట్టుంది."

"ఒక్కరు పోసి ఉంటే బతికేదేమో. ఇద్దరం ప్రేమగా చంపాం. అసలు మీకు మొక్కలంటే పడదుగా? మీరెందుకు పోశారు?"

"నాకు పడదని ఎవరు చెప్పారు?"

"అత్తయ్య. మంచమెక్కాక పిలిచి చెప్పింది. 'వాడు మొక్కల జోలికి రాడే, ఎండిపోతున్నా చూడడు. నువ్వే చూసుకో' అని."

"నాతో ఇంకోలా చెప్పింది. 'దానికి మిషను తప్ప ఇంకోటి పట్టదురా. నువ్వు చూడకపోతే నా మొక్కలు చస్తాయి' అని."

"అలా అందా? నా గురించి?"

"అంది. నేను నీ మీద కోపంగానే పోసేవాణ్ణి, ఈ మనిషికి మొక్కకి నీళ్ళు పొయ్యడం కూడా బరువేనా అనుకుంటూ."

"నేనూ అంతే. కన్నతల్లి మొక్కకి చెంబెడు నీళ్ళు పొయ్యలేడా అని తిట్టుకుంటూ పోసేదాన్ని."

"ఇద్దరికీ పని చెప్పి పోయిందన్నమాట."

"ఇద్దరికీ విడివిడిగా చెప్పింది. కలిపి ఎప్పుడు చెప్పింది గనక! కలిపి చెప్పే వీలు మనం ఎప్పుడిచ్చాం? ఒకే గదిలో కూర్చుని, 'అత్తయ్యా, గ్యాసు అయిపోయిందని ఆయనతో చెప్పండి' అనేదాన్ని."

"నాకు వినబడేది."

"వినబడుతుందని నాకు తెలుసు. అయినా అత్తయ్య మీ వైపు తిరిగి 'ఒరేయ్, గ్యాసు అయిపోయిందట' అనేదాకా మీరు తల తిప్పేవారు కాదు."

"అమ్మ చెప్పాకే అది నాతో అన్నట్టు లెక్క. అలా అలవాటైపోయింది. బయటివాళ్ళు చూస్తే నవ్వేవాళ్ళేమో."

"నవ్వారు. మీ పెద్దక్క వచ్చినప్పుడు, 'మీ ఇంట్లో ఫోన్ ఎక్స్చేంజీ పెట్టారా' అంది."

"అమ్మేమంది?"

"'కనెక్షన్ కట్ అవకుండా చూస్తున్నా కదే' అంది."

"నాకు ఎదురుగా అన్న మాటలు వినబడేవి. చాటున చెప్పి పంపినవి ఉన్నాయే..."

"ఏవి?"

"నువ్వు అమ్మతో చెప్పి పంపినవి. నేను లేనప్పుడు."

"నేను మీరు లేనప్పుడు ఏం చెప్పి పంపాను?"

"వర్క్‌షాపులో లేతు మిషను మీద నా వేలు తెగినప్పుడు. కుట్లు వేయించుకుని వచ్చి పడుకున్నా. అమ్మ వచ్చి మెల్లగా చెప్పింది. 'వంటింట్లో నిలబడి ఏడుస్తోందిరా' అని."

"నేనా?"

"నువ్వే."

"ఉల్లిపాయలు తరుగుతున్నానేమో."

"ఏడవలేదా?"

"గుర్తు లేదు. లేదనే అనుకుంటా. ఏడ్చి ఉంటే గుర్తుండేది."

"ఓహో."

"అబద్ధం చెప్పమంటారా ఇప్పుడు?"

"వద్దు. ఆ రోజు నొప్పి ఉన్నా హాయిగా నిద్రపట్టింది నాకు. అంతే."

"మరి నా కళ్ళజోడు సంగతి?"

"ఏ కళ్ళజోడు?"

"మొదట కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు. నాకే అద్దంలో చూసుకోవాలంటే చిరాగ్గా ఉండేది. 'వాడికి బాగా నచ్చిందే. టీచరమ్మలా దర్జాగా ఉందన్నాడు' అంది అత్తయ్య."

"అది నిజం చెప్పనా, అబద్ధం చెప్పనా?"

"చెప్పండి."

"నీకు కళ్ళజోడు వచ్చిందని నేను చాలా రోజులకి గానీ చూడలేదు."

"చూడలేదా?"

"మొహాలు చూసుకునేవాళ్ళమా మనం?"

"అదీ నిజమే. నేను ఆ మాటకే ఇన్నాళ్ళూ ఈ ఫ్రేము మార్చలేదు. కాడ విరిగితే దారంతో కట్టించుకున్నా గానీ మార్చలేదు."

"కొత్తది కొనుక్కో."

"ఇక కొనుక్కుంటా. బస్సులో నా కోసం సీటు ఆపించారని ఓసారి అంది, నిజమేనా?"

"లేదు."

"నాకు జ్వరమొస్తే రాత్రి రెండుసార్లు లేచి తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్ళారని?"

"నిద్రపోయాననుకుంటా. నా కొత్త చొక్కా రంగు నువ్వే ఎంచావని చెప్పింది."

"షాపులో చివరికి మిగిలింది అదొక్కటే. నేను తోడు వెళ్ళానంతే."

"నాకు ప్రమోషన్ వస్తే వీధి చివరిదాకా ఎదురొచ్చి చూశావని?"

"చెత్త పారేయడానికి వెళ్ళి ఉంటా."

"నవ్వుతున్నావా?"

"నవ్వట్లేదు. నాకు నవ్వూ రావట్లేదు, ఏడుపూ రావట్లేదు. అత్తయ్య పోయినప్పటి నుంచి ఇంతే. మొద్దుబారిపోయాను. సూది గుచ్చుకుంటే రక్తం చూసి తెలుసుకుంటున్నా గుచ్చుకుందని."

"నాకూ అలాగే ఉంది. లేతు ముందు నిలబడతా, చేతులు పని చేస్తాయి, నేనక్కడ ఉండను."

"అయితే అన్నీ కల్పించిందన్నమాట. 'అడగందే అమ్మైనా పెట్టదు' అంటారు. మీ అమ్మ అడక్కుండానే పెట్టింది ఇద్దరికీ. ఎక్కడా లేనివి వండి పెట్టింది."

"అన్నీ కాదు. ఒకటి నేను నిజంగానే చెప్పి పంపాను."

"ఏంటది?"

"నీకు చేరలేదేమో."

"చెప్పండి, చేరిందో లేదో నేను చెప్తా."

"వద్దులే."

"చెప్పండి. వ్యాను వచ్చేస్తుంది."

"గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల నీ మిషను చప్పుడు వినబడితే బాగుంటుందని. ఇంట్లో మనుషులున్నారనిపిస్తుందని. అంతే, అదే."

"అది మీరన్నారా?"

"అన్నాను. ఆ మాట చెప్పలేక చెప్పలేక రెండు రోజులు తిరిగి, అప్పుడు చెప్పాను అమ్మతో."

"చేరింది. చెప్పింది అత్తయ్య."

"మరి?"

"నమ్మలేదు. అదొక్కటే నమ్మలేదు నేను. మీరు అంత పొడుగు మాట మాట్లాడరు. ఆవిడే కల్పించి చెబుతోంది, చప్పుడు విసుగ్గా ఉందని చెప్పలేక ఇలా తిప్పి చెబుతోంది అనుకున్నా. మర్నాడే మిషను వెనక గదిలోకి మార్చేశాను."

"అందుకా మార్చావు?"

"అందుకే. తలుపు కూడా వేసుకుని కుట్టేదాన్ని."

"నేను అన్నందుకు కోపమొచ్చి మార్చావనుకున్నా. ఇక ఇంకేం చెప్పి పంపలేదు."

"అబద్ధాలన్నీ నమ్మి, నిజం ఒక్కటీ వదిలేశానన్నమాట."

"పోనీలే. ఇప్పుడేముంది."

"మనం ఎందుకు మాట్లాడుకోవడం మానేశామో మీకు గుర్తుందా?"

"ఏదో... మా వర్క్‌షాపు వాళ్ళు భోజనానికి వచ్చినప్పుడు."

"ఏదో కాదు. మీ ఫోర్‌మన్‌కి మీరు ఏదో కథ చెబుతున్నారు, వరదలో మీరు ఈదుకుంటూ వెళ్ళి ఎవర్నో కాపాడారని. 'ఈయనకి ఈత రాదండీ, పడవలో వెళ్ళారు' అన్నాను. అందరూ నవ్వారు. మీరు నవ్వలేదు. 'నోరు మూసుకో' అన్నారు. అందరి ముందూ."

"కోపంలో అన్నాను."

"నేనూ కోపంలోనే విన్నాను. మూసుకోమన్నారు, మూసుకున్నాను. ఒక్కరోజు చూద్దామనుకున్నా, ఎప్పుడు తెరవమంటారో అని. మీరు అనలేదు. రెండో రోజూ అనలేదు. తర్వాత అదే బతుకైపోయింది."

"నువ్వే మొదలుపెడతావనుకున్నా. గోటితో పోయేదాన్ని..."

"గొడ్డలిదాకా తెచ్చాం. తెలుసు. ఆ సాయంత్రమే పెట్టె సర్దాను. ఇదే పెట్టె. అత్తయ్య అడ్డం నిలబడింది. నేనన్నాను, 'ఆయన్ని ఒక్కమాట అడిగి రండి. ఉండమంటే ఉంటా, పొమ్మంటే పోతా' అని. ఆవిడ ముందు గదిలోకి వెళ్ళింది. కాసేపటికి వచ్చింది. 'ఉండమన్నాడే. నా మొహం చూడలేక గోడకేసి చూస్తూ చెప్పాడు' అంది."

"గోడకేసి చూస్తూనా?"

"ఆ ముక్కతోనే నమ్మాను. అది మీ పద్ధతే. పెట్టె విప్పేశాను. అదొక్కటి పట్టుకునే ఇన్నేళ్ళూ ఉన్నా. మాట్లాడకపోతేనేం, ఉండమన్నాడు కదా అని."

"ఆ సాయంత్రం నేను ఇంట్లో లేను."

"ఏంటి?"

"భోజనాలవగానే వాళ్ళని బస్సెక్కించడానికి వెళ్ళాను. అటునుంచి అటే డ్యూటీకి పోయాను. పొద్దున్నే వచ్చాను. ముందు గదిలో ఎవరూ లేరు."

"ఎవరూ లేరా?"

"అమ్మ ఖాళీ గదిలోకి వెళ్ళి వచ్చిందంతే. నన్నెవరూ ఏమీ అడగలేదు."

"మీరు తిరిగొచ్చేశారనుకుని, నేను వంటింట్లో కూర్చుని చెవులు రిక్కించుకుని విన్నాను. మాటలు వినబడలేదు. మెల్లగా మాట్లాడుకుంటున్నారనుకున్నా."

"ఒట్టి గోడతో మాట్లాడి వచ్చిందేమో పాపం."

"అడిగి ఉంటే? ఆ రోజు మీరు ఉండి, ఆవిడ అడిగి ఉంటే ఏమనేవారు?"

"పొమ్మనేవాణ్ణి."

"నిజంగానా?"

"ఆ రోజైతే పొమ్మనేవాణ్ణే. నలుగురిలో నవ్వులపాలయ్యానని ఒళ్ళు మండిపోతోంది. నాలుగు రోజులాగి వచ్చి తీసుకెళ్ళేవాణ్ణేమో. తీసుకెళ్ళేవాణ్ణి కాదేమో. తెలీదు."

"సరే. నిజం చెప్పారు. ఇవాళ పొమ్మన్నది మాత్రం మీరే. అదైనా మీ మాటే అన్న తృప్తి ఉంది నాకు."

"ఎవరు పొమ్మన్నది?"

"మీరే. చివరి వారం ఆసుపత్రిలో. హాస్టల్లో ఉద్యోగం వచ్చిందని అత్తయ్యతో చెప్పాను, అంతే. మర్నాడు నా చెయ్యి పట్టుకుంది. 'వాడినడిగాను. దాన్ని ఇంకా ఈ కొంపలో కట్టెయ్యకమ్మా, దాని దారిన దాన్ని పోనీ, అన్నాడే. నువ్వు వెళ్ళు' అంది. మీరు పొమ్మన్నాక ఇంకెందుకు ఉంటాను? వస్తానని వాళ్ళకి కబురు పెట్టాను."

"నేనా మాట అనలేదు."

"అనలేదా?"

"నాతో ఆవిడ ఏం చెప్పిందో తెలుసా? 'అది వెళ్ళిపోతానంటోందిరా. ఇన్నేళ్ళూ పడింది చాలు. నోరు తెరిచి అడ్డం పడకు, నా మీద ఒట్టు' అంది. ఒట్టు వేయించుకుంది. అందుకే నువ్వు 'ఆదివారం అన్నయ్య వస్తాడు' అంటే 'ఊఁ' అని ఊరుకున్నా."

"వెళ్తానని నేను ఆవిడతో ఆ ముక్క అననే లేదు. ఉద్యోగం వచ్చిందన్నాను. మీ చెవిన వేస్తుందని, మీరేమైనా అంటారేమో చూద్దామని చెప్పాను."

"చూద్దామనా?"

"ఆ. చూద్దామనే. 'ఊఁ' అన్నారు. అయిపోయింది."

"ఒట్టు వేశాను కదా."

"అంటే ఉండమన్నదీ మీరు కాదు, పొమ్మన్నదీ మీరు కాదు."

"వెళ్తానన్నది నువ్వూ కాదు."

"మరి ఈ పెట్టెలు ఎవరు సర్దినట్టు?"

"అమ్మ."

"ఎందుకలా చేసిందంటారు? ఇన్నాళ్ళూ లేని మంచి మాటలు పుట్టించి కలిపి ఉంచిన మనిషి, పోయే ముందు ఇలా ఎందుకు చేసింది?"

"భయమేసి ఉంటుంది. ఒక్క అబద్ధంతో నిన్నిక్కడ ఆపానే అని. ఆ మాటలు మొయ్యడానికి తను ఇక ఉండదు. ఇద్దరం ఈ గోడల మధ్య పడి ఉంటాం, ఉలుకూ పలుకూ లేకుండా. కట్టిన ముడి తనే విప్పేసి పోదామనుకుందేమో."

"విప్పమని ఆవిడనెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు. మనమెప్పుడు ఏం అడిగాం గనక."

"నాకు ఆవిడ మీద కోపం రావాలి. రావట్లేదు."

"నాకూ రావట్లేదు."

"మీ మీదా రావట్లేదు. అదే భయంగా ఉంది."

"ఉద్యోగంలో ఎప్పుడు చేరాలి?"

"రేపు. చేరకపోతే ఇంకొకరు చేరతారు. అంతే, వాళ్ళకేం."

"నీకు చేరాలనుందా?"

"ఏంటి?"

"నీకు. చేరాలని ఉందా అని."

"ఇలా ఎవరైనా నన్నడిగి ఎన్నాళ్ళయిందో! ఆగండి. ఏం చెప్పాలో తెలియట్లేదు. గేటు దగ్గర హారన్ అదేనా?"

"అదే. మీ అన్నయ్యే."

"వచ్చేశాడు."

"నువ్వుండు. నేను వెళ్ళి మాట్లాడతా."

"ఏమని?"

"ఏదో ఒకటి."

"నేను చెప్పమన్నానని మాత్రం చెప్పకండి. నేనేం చెప్పమనలేదు. మీరేం అనాలనుకుంటే అది అనండి. మీదే అయ్యుండాలి."

"ఊఁ."

"'ఊఁ' కాదు."

"సరే. అలాగే."

"బావగారూ! గేటుకి గొళ్ళెం పెట్టారేంటి? తియ్యండి తియ్యండి. పెట్టెలు వెనకవైపే ఉన్నాయా? ఎండెక్కకముందే బయల్దేరిపోవాలి, ఈ బండి వేడెక్కితే మొరాయిస్తుంది."

"రండి బావగారూ. పెట్టెలు... పెట్టెలు ఎక్కించకండి."

"అదేంటి? ఏమైంది?"

"ఉండమన్నాను."

"ఎవర్ని?"

"మీ చెల్లెల్ని. ఇక్కడే ఉండమన్నాను."

"ఎవరన్నారు?"

"నేనే. ఎవరూ చెప్పమంటే చెప్పట్లేదు. నేనే అంటున్నా."

"ఇదేం తిరకాసు బావగారూ! ఏమ్మా, లోపలున్నావా? ఏంటిది, బావగారు నిన్ను ఉండమన్నానంటున్నారు, నువ్వు విన్నావా?"

"వినలేదన్నయ్యా, నువ్వు అలా కూర్చో. ఏవండీ, ఆ మాట అన్నయ్యతో కాదు, ఇటు తిరిగి నాతో అనండి. ఆ తర్వాత నేను చెప్తాను."